క్షీణించు శరీరము, నిలిచియుండు నిర్ణయము: అనంతపురం కరవు సీమలో కాపరి పరిచర్యకు ఒక పరిశీలన

వికలాంగులను గూర్చి ప్రసంగించవలసి వచ్చినప్పుడు మనలో అనేకులము తెరచేది 2 సమూయేలు 9వ అధ్యాయము. రెండు కాళ్లు కుంటివైన మెఫీబోషెతును దావీదు పిలిపించి తన బల్లయొద్ద కూర్చుండబెట్టుకొనుట కృపకు చక్కని సాదృశ్యముగా బోధిస్తాము. అయితే అతని కథ అక్కడితో ముగియదు. 16వ అధ్యాయములో అతడు లేకుండానే అతని గురించి మరొకడు రాజుతో మాట్లాడుతాడు. 19వ అధ్యాయములో అతడే వచ్చి తన మాట తాను చెప్పుకొంటాడు. ఈ రెండు భాగాలపై ప్రసంగములు చాలా అరుదు. సంవత్సరాల తరబడి కొంచెము కొంచెముగా శక్తిని కోల్పోతూ జీవించే మన సంఘస్థులకు మాత్రము తొమ్మిదవ అధ్యాయముకంటే ఈ రెండే ఎక్కువగా వర్తిస్తాయి. ఆ మాటను అనంతపురం సీమ అనుభవమునుండి వివరించుట ఈ వ్యాసము ఉద్దేశము.

ముదిరే వైకల్యము

ప్రమాదములో కాలు పోయినవాడు ఒకసారి దుఃఖపడతాడు, క్రమేణ ఆ స్థితికి అలవాటుపడతాడు. ముదిరే వైకల్యము అట్లాంటిది కాదు. ఈ సంవత్సరము చేతికర్ర, రెండేండ్లకు మంచము పట్టుకొని లేవడము, తరువాత మరొకరి భుజము, ఆ తరువాత చక్రాల కుర్చీ. అలవాటుపడిన ప్రతి మెట్టు కాలిక్రిందనుండి జారిపోతుంది. దుఃఖము ప్రతిసారి క్రొత్తగా మొదలవుతుంది. కండరాల క్షీణత, పార్కిన్‌సన్స్ వ్యాధి, మల్టిపుల్ స్క్లెరోసిస్, ముదిరిన కీళ్లవాతము ఈ కోవలోనివి. అనంతపురం వంటి సీమలో వీటికి తోడు ఎముకల ఫ్లోరోసిస్ కూడ ఉన్నది.

దీనిని కొంచెము వివరముగా చూడవలసియున్నది, ఎందుకనగా కాపరులు దీనిని తరచుగా వృద్ధాప్యమనో, శాపమనో పొరబడుతుంటారు. అనంతపురం వర్షచ్ఛాయా ప్రాంతము. సగటు వర్షపాతము సంవత్సరానికి సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. (2022 ఏప్రిల్‌లో పాత జిల్లా అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలుగా విడిపోయినది. కరవు మాత్రము రెంటికీ ఉమ్మడిదే.) వర్షము లేనిచోట బోరు లోతుకు పోతుంది. లోతున గ్రానైటు జాతి రాళ్ల పగుళ్లలో ఏండ్ల తరబడి నిలిచియున్న నీటిలో రాతిలోని ఫ్లోరైడు కరుగుతుంది. త్రాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచుండగా, దక్కను పీఠభూమిలో అనేక బోర్లు ఆ హద్దును దాటియున్నవి. ఆ నీటిని దీర్ఘకాలము త్రాగినవారి ఎముకలు బయటికి గట్టిపడినట్లుండి లోపల పెళుసుబారుతాయి. కండరాలను, కీళ్లను పట్టియుంచే బంధనములు సున్నముబారి బిగుసుకొంటాయి. మెడ తిరగదు, నడుము వంగిపోతుంది. కొందరిలో వెన్నుపూసల మధ్య దారి ఇరుకై వెన్నుపాము నలిగి కాళ్లు చచ్చుబడతాయి.

మన దేశములో ఈ వ్యాధిని మొదట వైద్యశాస్త్రపరముగా వివరించినది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు ప్రాంతపు రోగులను పరిశీలించి. అనగా ఇది తెలుగువారి మధ్యనే గుర్తింపబడిన వ్యాధి. నల్లగొండ పేరు తరువాత దీనితో ముడిపడినది. పటిక, సున్నముతో ఫ్లోరైడును తొలగించే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. అనంతపురంలో 1990ల మధ్యలో సత్యసాయి తాగునీటి పథకము 700కు పైగా గ్రామాలకు నీటిని చేర్చినది. మంచినీరు వచ్చిన తరువాత పుట్టిన పిల్లలకు అది మేలు. అంతకుముందే వంగిపోయిన నడుములను ఏ నీరూ నిలబెట్టలేదు. పోయిన వంపు తిరిగి రాదు. మంచినీరు, మంచి ఆహారము వ్యాధిని ఇంకా ముదరకుండ ఆపగలవు, అంతే.

కండరాల క్షీణతను గురించి ఒక మాట. రాయలసీమలో మేనరికాలు ఎక్కువ గనుక ఇంట్లో ఎవరికి ఈ జబ్బు వచ్చినా చుట్టుపక్కలవారు మేనరికమునే దోషిగా నిలబెడతారు. కొన్ని రకాల విషయములో అందులో నిజమున్నది. అయితే మగపిల్లలకు మూడు నాలుగు ఏండ్లకే మొదలై, పన్నెండేండ్లు వచ్చేసరికి నడక పోగొట్టే డ్యుషెన్ రకము మేనరికమువలన రాదు. దానికి కారణమైన జన్యులోపము తల్లి ద్వారా సంక్రమిస్తుంది, లేదా ఆ బిడ్డలోనే క్రొత్తగా ఏర్పడుతుంది. ఇప్పటికే కృంగియున్న తల్లిపై మరొక నేరము మోపకుండుటకైనా కాపరికి ఈ తేడా తెలిసియుండవలెను. యోహాను 9:3ను ప్రకటించే మనమే వీధిలోకి వచ్చి కారణాలు వెదకరాదు గదా.

చేయుట వేరు, నిర్ణయించుట వేరు

కాపరులందరూ చూచియుండే దృశ్యమే ఇది. పెద్దాయన వసారాలో నులక మంచముమీద ఉన్నాడు. చేతులు బిగుసుకొన్నాయి, నడవలేడు, మాట మాత్రము స్పష్టము. కాపరి వచ్చి మంచము ప్రక్కనే కూర్చుండి, లోపలనుండి వచ్చిన కోడలిని అడుగుతాడు: "ఏమ్మా, మామకు ఎట్లుంది? రాత్రి నిద్ర పడతాందా?" ఆమె చెబుతుంది: "యాడ అయ్యగారూ, రాత్రంతా మేలుకొనే ఉండాడు." పెద్దాయన వింటుంటాడు. పోయిన ఏడువరకు సంఘ లెక్కలు చూచిన మనిషి ఆయన. ఆయన నిద్రను గురించి కూడ ఆయనను అడుగలేదు. కాపరిది చెడు ఉద్దేశము కాదు, కోడలిదీ కాదు. చేతులు పనిచేయని మనిషికి అభిప్రాయము కూడ పనిచేయదని మనకు తెలియకుండానే అనుకొంటాము.

ఒక పనిని స్వయముగా చేయగలుగుట ఒక విషయము. ఆ పని ఎప్పుడు, ఎట్లు, ఎవరిచేత జరుగవలెనో నిర్ణయించుట మరొక విషయము. మొదటిది పోయినంత మాత్రాన రెండవది పోనక్కరలేదు. అమెరికాలోని బర్క్‌లీలో ఎడ్ రాబర్ట్స్ అనునతడు పోలియోవలన మెడ క్రింద దాదాపు కదలిక లేక, ఊపిరికి ఇనుప యంత్రముమీద ఆధారపడుతూనే 1962లో విశ్వవిద్యాలయములో చేరెను. 1972లో అతడు, అతని మిత్రులు వికలాంగులే నడిపించే స్వతంత్ర జీవన కేంద్రమును అక్కడ స్థాపించారు. స్వతంత్రత అనగా ఎవరి సహాయమూ లేకుండ బ్రతుకుట కాదనీ, తనకు అందే సహాయమును తానే నడిపించుకొనుట అనీ వారి వాదము. ఉమ్మడి కుటుంబము, వర్షము, అప్పు అన్నీ ఒకరిమీద ఒకరు ఆధారపడుటను నేర్పిన మన పల్లెలకు ఈ మాట నిజానికి పరాయిది కాదు. సేద్యగాడు ఎవరి సహాయమూ లేకుండా వేరుశనగ విత్తడు. అయినా చేనిలో ఏమి విత్తవలెనో నిర్ణయించేది ఆయనే.

దీనినుండి వచ్చే ఒక ఫలితము మన సంఘాలకు వింతగా తోచవచ్చును: సహాయము పుచ్చుకొనుట కూడ ఒక ఎంపిక. కండరాలు క్షీణించే మనిషికి దినమునకు ఇంత శక్తి అని లెక్క ఉంటుంది. తానే స్నానము చేసికొంటే ఆ శక్తి అక్కడే అయిపోతుంది. మరొకరిచేత స్నానము చేయించుకొంటే మిగిలిన శక్తితో రెండు గంటలు మిషను కుట్టవచ్చును, పిల్లలకు చదువు చెప్పవచ్చును, ఆదివారము ఆరాధనలో కూర్చుండవచ్చును. పది అడుగులు వేయగలిగియుండి చక్రాల కుర్చీ ఎక్కేవారిని చూచి "నడవగలిగి కూడ ఎందుకు ఎక్కుతున్నావు, విశ్వాసము ఏమైంది?" అని అడిగేవారున్నారు. ఆ పది అడుగులు ఎక్కడ వేయవలెనో ఆమె ముందే ఎంచుకొన్నది. బల్లయొద్దకు వేయుటకు దాచుకొన్నది కావచ్చును.

దీనికి వ్యతిరేకమైన తప్పు కూడ ఉన్నది. ప్రేమ ఎక్కువై, శక్తి ఇంకా ఉండగానే పనిని లాగికొనుట. కాయలు ఒలవనీయరు, సంతకు పోనీయరు, పడతావని లేవనీయరు. పడే అవకాశము నిజమే. పెళుసుబారిన ఎముకలకు ఒక్కసారి పడుట చాలా ప్రమాదము. అయినా ఆ ప్రమాదమును తూచుకొని పది అడుగులు నడుస్తానా, మంచములోనే ఉంటానా అన్నది మొదట ఆ శరీరము గల మనిషి ప్రశ్న. కుటుంబము భయమును చెప్పవచ్చును, చెప్పవలెను కూడ. తలుపు గడియ పెట్టుట వేరు.

మరొక సంగతి ప్రసంగవేదికమీద చెప్పుటకు మనము మొహమాటపడేది. మరుగుదొడ్డి దూరముగా ఉండి, తీసుకొనిపోవుటకు ఇంట్లోవారు పొలము నుండి రావలసియున్నప్పుడు, ముఖ్యముగా స్త్రీలు, నీళ్లు త్రాగడము తగ్గించుకొంటారు. ఎండలు మండే ఈ సీమలో అది మూత్రపిండాలకు హానికరము. ఎవరినీ అడుగకుండ ఉండుటకు ఆమె చేయగలిగిన ఒకే ఎంపిక దాహము. సంఘము ఆమెకు ఏమి చేయగలదని నన్నడిగితే ప్రార్థన కూడికకు ముందు ఒక మరుగు కట్టించమంటాను, లేదా మంచము దగ్గర వాడుకొనే కుండీ ఏర్పాటు చేయమంటాను. అది ఎక్కడ పెట్టవలెనో ఆమెనే అడిగి.

వలస కాలము ఈ ప్రశ్నలన్నిటినీ తీవ్రము చేస్తుంది. వర్షము తప్పిన ఏడు పనిచేయగలవారు బెంగళూరుకు, మరెక్కడికో పోతారు. కదలలేనివారిని బియ్యముతో, పొరుగువారి మాటతో ఇంట్లో వదలిపోతారు. పోక తప్పదు, ఆ కుటుంబమును నిందించే అర్హత ఎవరికీ లేదు. కాని పోయే ముందు "నీవు ఇక్కడ ఉంటావా, మీ అక్క ఇంటికి పోతావా, తాళము ఎవరి దగ్గర ఉండవలెను, డబ్బు ఎవరి చేతికి ఇచ్చిపోవలెను" అని అడిగారా లేదా అనుటలో చాలా తేడా ఉన్నది.

సీబా గాడిదలు

ఇప్పుడు మెఫీబోషెతు యొద్దకు వద్దాము. 4:4 ప్రకారము అయిదేండ్ల వయస్సులో దాది ఎత్తుకొని పారిపోవుచుండగా పడి అతడు కుంటివాడాయెను. తొమ్మిదవ అధ్యాయములో రాజు అతని గురించి విచారించేది సీబా అను సేవకునియొద్ద; సీబా చెప్పిన వివరము కాళ్ల గురించే (9:3). భూమి తిరిగి వచ్చినది, కాని దానిని దున్నేవారు సీబా, అతని పదునైదుగురు కుమారులు, ఇరువదిమంది దాసులు. నీవు లోదెబారులో ఉంటావా, యెరూషలేములో ఉంటావా అని అడిగినట్లు వాక్యములో లేదు. దావీదు దయను తగ్గించుటకు ఇది చెప్పుట లేదు. దయ చేసేవాడు కూడ అడుగుట మరచిపోవచ్చునని గమనించుటకే.

అబ్షాలోము తిరుగుబాటులో దావీదు పారిపోవుచుండగా సీబా జీను కట్టిన గాడిదలతో, రొట్టెలతో, ద్రాక్షపండ్లతో ఎదురువస్తాడు (16:1-4). నీ యజమానుడు ఎక్కడ అని రాజు అడిగితే, రాజ్యము తనకు తిరిగి వస్తుందని ఆశించి యెరూషలేములోనే నిలిచిపోయాడని చెబుతాడు. రాజు రెండవ ప్రశ్న వేయడు. మెఫీబోషెతు ఆస్తి అంతా అక్కడికక్కడే సీబాకు ఇచ్చివేస్తాడు. 19:24-30లో దావీదు తిరిగి వచ్చినప్పుడు మెఫీబోషెతు కాళ్లు కడుగుకొనక, గడ్డము కత్తిరించుకొనక, బట్టలు ఉదుకుకొనక ఎదురు వస్తాడు. తాను కుంటివాడు గనుక గాడిదనెక్కి రాజుతో వెళ్లవలెనని తలంచాడనీ, సేవకుడు తనను మోసము చేశాడనీ చెబుతాడు. ఇద్దరిలో ఎవరిది నిజమో గ్రంథకర్త నేరుగా తీర్పు చెప్పడు, వ్యాఖ్యాతలలో భేదములున్నవి. అయితే రాజు వెళ్లిన దినము మొదలుకొని అతడు ఆ స్థితిలో ఉన్నాడని 24వ వచనములో చెప్పునది మెఫీబోషెతు కాదు, గ్రంథకర్తే. ఆ కారణముచేత అతని మాటే నిజమని నాకు తోచుచున్నది.

ఇక్కడ గాడిదను గమనించవలెను. అది మెఫీబోషెతుకు కాళ్లవంటిది. దానికి జీను కట్టే చేతులు సీబావి. అతని మనస్సు రాజుతో ఉన్నా, శరీరము సీబా ఎక్కడికి తోలితే అక్కడికే పోగలదు. గాడిదను తోలుకుపోయినవాడు దానితోబాటు అతని మాటను కూడ పట్టుకుపోయాడు. రాజుకు అందినది సీబా వెర్షను మాత్రమే. సంరక్షకులందరూ సీబాలని దీని భావము కాదు. రాత్రి మూడుసార్లు లేచి మామను ప్రక్కకు తిప్పే కోడలిని సీబాతో పోల్చడము అన్యాయము. హెచ్చరిక దావీదు స్థానములో ఉన్నవారికి, అనగా వచ్చి అడిగేవారికి. గాడిదమీద వచ్చినవాడిని విని తీర్పు చెప్పుట రాజు తప్పు. అతడు యెరూషలేమునకు మనిషిని పంపియుండవచ్చును.

మార్కు 10:51లో ప్రభువు బర్తిమయిని అడిగిన ప్రశ్న దీనికి ఎదురుగా నిలుస్తుంది. గ్రుడ్డివాడు ఏమి కోరుతాడో ఆ గుంపులో తెలియనివారు లేరు. అయినా అడిగెను. మన స్వస్థత కూడికలలో మంచముతో సహా మోసికొని వచ్చి ముందు కూర్చుండబెట్టబడినవారిని ఆ ప్రశ్న అడుగుట ఆచారము కావలెను. కొందరు స్వస్థత కోరుతారు. కొందరు, "అయ్యగారూ, రాత్రి నొప్పి తగ్గేటట్లు ప్రార్థించండి, అంతే" అంటారు. కొందరికి ఆ దినము అందరి ముందు చేతులు వేయించుకొనుట ఇష్టముండదు. వద్దన్నవాని విశ్వాసమును తూచుట మన పని కాదు.

చట్టము, పెన్షను, కాగితము

అనంతపురంలో ఈ విషయమై మనకంటే ముందు నేర్చుకొన్నవారున్నారు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ ఆరంభించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు పల్లెలలో వికలాంగుల సంఘాలను ఏర్పరచినది. సంఘములో కూర్చున్నవాడు సహాయము పొందేవాడుగా మాత్రమే కాక, పొదుపు లెక్క అడిగేవాడుగా, తీర్మానము మీద వ్రేలిముద్ర వేసేవాడుగా ఉంటాడు. మన సంఘ కమిటీలలో చక్రాల కుర్చీలో కూర్చుని ఓటు వేసే సభ్యులెందరో లెక్కించి చూచుకొనవచ్చును.

చట్టము కూడ మారినది. 2016 వికలాంగుల హక్కుల చట్టము 2017 ఏప్రిల్ 19న అమలులోనికి వచ్చినది. 1995 చట్టములో ఏడుగా ఉన్న వైకల్యములు దీనిలో 21 అయినవి. కండరాల క్షీణత, పార్కిన్‌సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్ చేరినవి. ఫ్లోరోసిస్‌కు విడిగా పేరు లేదు, కదలికకు సంబంధించిన వైకల్యముగా సదరం ధృవీకరణ పొందవలసియుంటుంది. కాపరులు ముఖ్యముగా గుర్తుంచుకొనవలసినది 13వ సెక్షను. ఇతరులతో సమానముగా ఆస్తి కలిగియుండుటకు, తన డబ్బు వ్యవహారములను తానే చూచుకొనుటకు వికలాంగునికి హక్కున్నదని అది చెబుతుంది. కాళ్లు చేతులు పడిపోయినవాని భూమి పత్రముమీద కుమారుడు "నాయనకు చేతగాదు" అని సంతకము పెట్టుట చట్టములో ఇమిడే మాట కాదు.

పెన్షను విషయము దీనితో ముడిపడినది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుండి వికలాంగుల పెన్షను నెలకు 6,000 రూపాయలైనది. తీవ్రమైన కండరాల క్షీణత గలవారికి, పక్షవాతముతో మంచానికో కుర్చీకో పరిమితమైనవారికి 15,000. కరవు ఏడాదిలో ఇంటికి వచ్చే నికరమైన ఆదాయము అదొక్కటే కావచ్చును. అప్పటివరకు భారమనిపించుకొన్నవాడు ఇంటిని పోషించేవాడవుతాడు. అయినా ఆ డబ్బు నోట్లుగా ఆయన చేతిలో ఒక్క నిమిషమైనా ఉన్నదా? కానుక సంచి వచ్చినప్పుడు వేయుటకు ఆయన దగ్గర పది రూపాయలున్నవా? ఇంటి ఖర్చుకు ఆయన ఇవ్వకూడదని కాదు. ఇచ్చేవాడు ఆయనై ఉండవలెను.

చివరి దినముల నిర్ణయమును గురించి ఒక తెలుగు కుటుంబము దేశమంతటిని ఆలోచింపజేసినది. హైదరాబాదుకు చెందిన చదరంగ క్రీడాకారుడు కె. వెంకటేశ్ కండరాల క్షీణతతో బాధపడుతూ, తన అవయవములు పాడుకాకముందే ఇతరులకు దానము చేయవలెనని కోరెను. ఆ కోరికతో తల్లి 2004 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్లగా, బ్రతికియున్న మనిషినుండి అట్లు తీయుటకు చట్టము ఒప్పదని కోర్టు నిరాకరించెను. ఆ నెలలోనే అతడు 25 ఏండ్ల వయస్సులో మరణించెను. ఆ కోరికను తీర్చుట ప్రాణము తీయుటే గనుక క్రైస్తవ నీతిశాస్త్రము దానిని అంగీకరించలేదని నా అభిప్రాయము. కాని ఈ సంగతిని సెమినరీ తరగతిలో కారుణ్య మరణము అనే ఒక్క శీర్షిక క్రింద చర్చించి ముగించుట సరికాదు. ఇవ్వవలెనని కోరిన మనిషి అతడు. తన ఎంపికను గురించి లోకము అతనిని అడిగినది మాత్రము చివరి వారములలోనే.

2018 మార్చి 9న సుప్రీంకోర్టు తీర్పుతో ముందుగా వ్రాసిపెట్టుకొనే వైద్య నిర్దేశ పత్రమునకు చట్టబద్ధత వచ్చినది. 2023 జనవరిలో విధానమును సులభము చేశారు. పదునెనిమిదేండ్లు దాటి, మనస్సు స్థిరముగా ఉన్నవారు, కోలుకొనే ఆశ లేని స్థితి వచ్చినప్పుడు వెంటిలేటరువంటివి కావాలో వద్దో ఇద్దరు సాక్షుల యెదుట వ్రాసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారిచేత ధృవీకరింపజేసికొనవచ్చును. ఇది మందిచ్చి చంపుట కాదు. డ్యుషెన్ రకములోను, కొన్ని నాడీ వ్యాధులలోను ఊపిరి కండరాలు ఒక దినము బలహీనపడతాయని ముందే తెలియును; మాట కూడ పోయే వ్యాధులున్నవి. అప్పుడు బెంగళూరుకో కర్నూలుకో అంబులెన్సులో పోతూ కుటుంబము ఏడుస్తూ తీసికొనే నిర్ణయముకంటే, మాట ఉండగానే ఆ మనిషి తీసికొన్న నిర్ణయము మేలు. వెంటిలేటరు కావాలని వ్రాయించుకొనువారు కూడ ఉంటారు, అదీ ఎంపికే. మాట పోయిన తరువాత అవునంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు రెప్ప వేయుట వంటి గురుతులు కూడ ముందే కుదుర్చుకొనవలెను. ఆ గురుతులు ఇంట్లో ఒక్కరికే గాక కాపరికి, ఇంకొక పొరుగువారికి కూడ తెలిసియుండవలెను. ఒక్కరికే తెలిస్తే మరల గాడిద ఒక్కరి చేతిలోనే ఉన్నట్లు.

కాపరి ఆ పత్రమునకు సాక్షిగా ఉండమని అడుగబడవచ్చును. అప్పుడు ఇంటివారిని కొంచెము సేపు వసారాలో కూర్చుండమని మర్యాదగా చెప్పి, మంచము ప్రక్క ఒక్కడే కూర్చుండి, వ్రాసినది చదివి వినిపించి, "ఇది నీ మాటేనా పెద్దాయనా?" అని అడుగవలెను. జవాబు రావడానికి చాలాసేపు పట్టవచ్చును. పార్కిన్‌సన్స్‌లో మాట మెల్లగా, సన్నగా వస్తుంది. వాక్యమును మనము పూర్తిచేయకూడదు.